కొమురమ్మ ఊదిన ఈల

నేను ఒక ఇత్తడి ఈలను. ఉత్తరాదిలో ఇత్తడి పనివాళ్ల వీధిలో పుట్టాను. నా కడుపులో చిన్న బెండు గోళీ పెట్టి, ఒకసారి ఊది చూసి, అమ్మకానికి పంపారు. వరంగల్‌లో రాజలింగం అనే బస్సు కండక్టరు నన్ను కొన్నాడు. ఇరవై ఆరేళ్లు ఆయన పెదాల మధ్య బతికాను. ఎంత బతిమాలినా లోపలికి జరగని జనం నా ఒక్క కూతకు జరిగేవాళ్లు.

ఆయన రిటైరయ్యాక కూతురు స్వరూప నన్ను మెడలో వేసుకుంది. జనాన్ని యాత్రలకు తీసుకెళ్లే కంపెనీలో ఆమె గైడు. ముప్పై ఎనిమిది మందితో పద్దెనిమిది రోజుల యాత్ర. కాజీపేటలో రైలెక్కి హరిద్వార్ దాకా, అక్కణ్ణుంచి బస్సులో కొండల్లోకి. ఆమె ఒంటరిగా నడిపిస్తున్న మొదటి యాత్ర అదే. రైల్లో కిటికీ సీటు కోసం కొట్లాడుకున్నవాళ్లే, ఘాటు రోడ్డులో లోయ కనబడగానే ఆ సీటును ఒకరికొకరు మర్యాదగా ఇచ్చుకోసాగారు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం కొండచరియ విరిగి రోడ్డుకు అడ్డంగా పడింది. కూలీలు రాళ్ల మీదుగా మనిషి పట్టేంత దారి చేశారు. అవతల వేరే బస్సు ఉంది, త్వరగా దాటమన్నారు. స్వరూప ముందు నడిచింది. దాటుతుండగానే పొగమంచు కమ్మేసింది. అవతల లెక్కపెడితే ముప్పై ఏడుగురే. కొమురమ్మ లేదు. డెబ్బై దాటిన మనిషి, తోడు లేకుండా వచ్చింది.

స్వరూప నన్ను ఊదింది. మంచులోంచి జవాబు రాలేదు. పైనుంచి గులకరాళ్లు జారుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. మళ్లీ ఊదింది. ఊపిరి ముక్కలు ముక్కలుగా వచ్చి నాలో గోళీ సరిగా తిరగలేదు. ఆమె ఎంత భయపడుతోందో నాకొక్కదానికే తెలుసు.

"పోలీసులొచ్చేదాక ఆగమ్మా," అన్నారెవరో.

ఆగలేదు. వచ్చిన దారినే వెనక్కి వెళ్లింది. ఆమె గుండె నన్ను లోపలినుంచి తంతున్నట్టుంది. కాలికింద ఒక రాయి కదిలి లోయలోకి పోయింది. అది అడుగు చేరిన చప్పుడు మాకు వినబడలేదు.

మేం దాటడం మొదలుపెట్టిన చోటే, ఒక బండకు వీపు ఆనించి కొమురమ్మ కళ్లు మూసుకుని కూర్చుంది.

"ఈల ఇనబడలేదా అవ్వా?"

"ఇనబడ్డది బిడ్డా. కాళ్లే రాలె."

స్వరూప ఆమె పక్కన కూలబడింది. "నాకు గూడ వస్తలేవు అవ్వా. పానం గజగజ వణుకుతంది."

కొమురమ్మ కళ్లు తెరిచి ఆమెను తేరిపార చూసింది. "నీగ్గూడనా?" అంది. ఎందుకోగాని చెయ్యి అందించింది.

స్వరూప నన్ను తీసి ఆమె నోటికిచ్చింది. "ఇది ఊదుకుంట నా ఎంబడి రా. ఊదుడు ఆగితే నేను ఆగుత."

అడుగుకొక కూత. తడబడే కూత, తడి కూత. సగం దారిలో పైన ఏదో పెద్దగా కదిలింది. కొమురమ్మ ఊపిరి బిగబట్టింది. స్వరూప ఆగింది. నేనూ నిశ్శబ్దమైపోయాను. ఇద్దరినీ రాసుకుంటూ మట్టి ధారగా జారిపోయింది. తర్వాత సన్నగా, పిచ్చుక కూసినట్టు, మళ్లీ ఒక కూత. అవతల ముప్పై ఏడు గొంతులు ఒక్కసారిగా అరిచాయి, ఇటు రమ్మని.

ఆ తడికి గోళీ ఉబ్బి బిగుసుకుపోయింది. ఇప్పుడు స్వరూప మెడలో ప్లాస్టిక్ ఈల ఉంటుంది. నేను ఆఫీసు బల్ల సొరుగులో, సిరా అయిపోయిన పెన్నుల మధ్య ఉంటాను. కొత్త యాత్రకు పేరు రాయించుకునేవాళ్లు కొండదారిలో భయమేస్తుందా అని అడుగుతుంటారు.

"భయమైతది," అంటుంది స్వరూప. "నా పక్కపొంటి కూసోండ్రి."