సాంచా గొంతు

ఒకప్పుడు మా వాడకట్టులో దోమలు పాడేవి కావు. పాడినా ఎవరికీ వినబడదని వాటికి తెలుసు. నేరుగా వచ్చి కుట్టి పోయేవి. నవ్వకండి. సిరిసిల్లలో సాంచాలు పగలూ రాత్రీ నడిచిన రోజుల్లో పుట్టిన దోమ ఏదైనా ఇంకా బతికుంటే అడిగి చూడండి.

సాంచా అంటే మా దగ్గర కరెంటు మగ్గం. మా ఇంట్లో నాలుగు, ఎదురింట్లో ఎనిమిది, వెనక షెడ్డులో లెక్కలేనన్ని. ఆ ఠకఠకకు నేల అదిరేది. కంచంలో అన్నం మీద పప్పు పోసుకుని కాసేపు ఆగితే దానంతట అదే కలిసిపోయేది. ఇప్పుడు మా సందులో సగం షెడ్లకు తాళాలు పడ్డాయి. అన్నం చేత్తోనే కలుపుకుంటున్నాను, దోమల పాట కూడా వింటున్నాను. ఆ చప్పుడు మీద ఇంత బెంగ ఉంటుందని అప్పట్లో ఎవరైనా చెబితే వాణ్ణి ఎగతాళి చేసేవాణ్ణి.

ఆ చప్పుడు వల్ల మా వాళ్లందరికీ ఒకటే గొంతు. ఉప్పు అప్పడిగినా, ఊరు మునిగిందని చెప్పినా అదే కేక. కొత్త చుట్టాలు వస్తే మేం కొట్లాడుకుంటున్నామనుకుని మధ్యలోకి వచ్చి చేతులు పట్టుకునేవారు. కొట్లాట కాదు, మంచీచెడూ అడుగుతున్నామని మేం నచ్చజెప్పబోతే, ఆ నచ్చజెప్పే గొంతుకు ఇంకా బెదిరిపోయేవారు.

అందరిలోకీ పెద్ద గొంతు లక్ష్మీరాజానిది. నాకు అల్లుడి వరస. మా ఇంటికీ వాళ్ల ఇంటికీ నడుమ ఒక్క ఇటుక మందం గోడ. వాళ్లది ముస్తాబాద్ దిక్కు కల్లుగీసే ఇల్లు. అతని తాత తాటిచెట్టు మీది నుంచి కేకేస్తే సిద్దిపేట కోళ్లు తెల్లారిందనుకుని కూసేవట. ఆ గొంతుకు సాంచాల పని తోడైంది. ఏళ్ల తరబడి ఆ చప్పుడులో నిలబడి ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగం మిగిలింది. తన మాట తనకు వినబడితే తప్ప ఎదుటివాడికి చెప్పినట్టు అనిపించేది కాదు అతనికి.

అతనికి ఒక్కతే బిడ్డ, రజని. ఆ పిల్ల మా వాడకట్టుకు మైకు. నల్లా నీళ్లు వచ్చాయని ఆమె ఒక్క కేక వేస్తే చాలు, అందరం బిందెలు పట్టుకుని ఉరికేవాళ్లం. పదో తరగతి మంచి మార్కులతో పాసై, జగిత్యాలలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదవడానికి వెళ్లింది. మూడు నెలలు గడిచాయో లేదో సకల జనుల సమ్మె వచ్చింది.

ఆ సమ్మె రోజులు చూసినవాళ్లకు మళ్లీ చెప్పనక్కర్లేదు. బడులు బంద్, బస్సులు బంద్, ఆఫీసులు బంద్. రోడ్డు మీదే పొయ్యి, రోడ్డు మీదే భోజనాల బంతి. తెలంగాణ వచ్చేదాకా ఇంట్లో తిననని నేను ఒట్టేసుకున్నాను. రోడ్డు మీది పప్పు బాగుండటం వల్ల అని మా ఇంట్లో అనుకునేవారు గాని, అది నిజం కాదు. పూర్తిగా నిజం కాదు.

హాస్టల్ మూసేశారు. లక్ష్మీరాజం ఎవరిదో బండి అడుక్కుని పోయి బిడ్డను ఇంటికి తెచ్చాడు. వచ్చిన పిల్ల మా రజని కాదు. ఏదడిగినా తల ఊపుతుంది. ఆకలా అంటే అడ్డంగా, అన్నం పెట్టాలా అంటే నిలువుగా. నల్లా వస్తే తన బిందె తాను నింపుకుని లోపలికి పోతుంది. ఎవరినీ పిలవదు.

ఆ రోజుల్లో పేపరు తెరిస్తే పిల్లల ఫొటోలు ఉండేవి. తెలంగాణ రాదేమోనని ప్రాణం తీసుకున్న పిల్లలవి. ఏ ఇంట్లోనైనా ఈడొచ్చిన పిల్ల ఒక పూట మూగగా కూర్చుంటే కన్నవాళ్ల గుండె జారిపోయేది. లక్ష్మీరాజం పేపరు మాన్పించాడు. టీవీ వైరు పీకి అటక మీద పెట్టాడు. పిల్ల నీళ్లకు పోతే తానూ నీళ్లకు. పిల్ల దండెం మీద బట్టలు ఆరేస్తే తాను దండెం కింద. సాంచా నడుపుతూనే దాని మీదుగా అరిచేవాడు.

"ఏమైంది బిడ్డా! నీకేం తక్కువైంది! నాకు చెప్పు బిడ్డా!"

సందు చివర నుంచి కొమురమ్మ అందుకునేది. "చెప్పరాదే పొల్లా! మీ అయ్య గొంతు పోతాంది!"

"పోరగాడు ఎవడన్న ఎనుక వడ్డడా!" అని ఎదురింటి మనిషి.

"మంది ముంగట గట్ల అడుగుతరా!" అని మళ్లీ కొమురమ్మ, ఇంకో నాలుగు ఇళ్లకు వినబడేలా.

పిల్ల ఇంకా ముడుచుకునేది. తండ్రి ఇంకా గట్టిగా అడిగేవాడు.

తల్లి మొగిలవ్వ దిష్టి అంది. ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు నేను గోడ ఇవతల తుమ్మాను, పిల్ల మాత్రం తుమ్మలేదు. బతుకమ్మ పండుగ వచ్చింది. రజని పూలు పేర్చింది, ఆడవాళ్లతో కలిసి చుట్టూ తిరిగింది, చప్పట్లు కొట్టింది. నోరు మాత్రం కదపలేదు.

"బతుకమ్మ కాడ నోరు మూసుకున్న ఆడిపిల్లను నేనెన్నడు జూడలే కాకా," అని మొగిలవ్వ నా దగ్గర కొంగు నోట్లో పెట్టుకుంది.

నేను పిల్లను పిలిచి దోమల కథ చెప్పాను. నవ్వలేదు. కోళ్ల కథ కూడా చెప్పాను. నా రెండు కథలకూ నవ్వలేదంటే ఆ పిల్లకు ఏదో పెద్ద కష్టమే వచ్చిందని అప్పుడు నాకూ భయమైంది.

అంతలో బొగ్గుగనుల సమ్మె దెబ్బకు కరెంటు కోతలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం సాంచాలన్నీ ఒక్కసారి ఆగాయి. మాకు చెవులు పోయాయనుకున్నాం. ఎవరో వేపకొమ్మ మీది పిట్టను చూపించి, "గిదేం చప్పుడే?" అని అడిగారు. ఆ నిశ్శబ్దంలో లక్ష్మీరాజం ఎప్పటిలాగే అడిగాడు.

"ఏమైంది బిడ్డా! నాకు చెప్పు!"

పిట్ట ఎగిరిపోయింది. సందులో తలుపులు తెరుచుకున్నాయి. రజని రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"మెల్లగ బాపూ! మెల్లగ! అందరు ఇంటున్నరు!"

తండ్రి గొంతే అది, రవ్వంత సన్నం. అరిచిన మరుక్షణమే, చేయరాని పని చేసినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి పారిపోయింది.

లక్ష్మీరాజం నా అరుగు మీదికి వచ్చి కూలబడ్డాడు.

"మామా, మెల్లగంటె ఎట్ల?"

"నా లెక్క మాట్లాడు అల్లుడా," అన్నాను. వయసు మీదపడి నా గొంతు ఎప్పుడో పడిపోయింది.

"నీది నాకినవడదు గదా! నువ్వు మాట్లాడితె నీ మీసాలు ఊగుతయి, గంతే!"

అయినా పట్టుబట్టి నేర్చుకోవాలని చూశాడు. నా ముందు కూర్చుని గుసగుసగా 'బిడ్డా' అన్నాడు. పక్క సందులో పడుకున్న మేక లేచి నిలబడింది. ఇంకా తగ్గించమన్నాను. తగ్గిస్తే తాటాకు చీల్చినట్టు ఒక గాలి వచ్చింది, మాట రాలేదు. చివరికి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"వస్తలేదు మామా. మాట్లాడుడే బందు వెడుత. ఆమె పక్కకు కూసుంట. గదైతె వస్తది నాకు."

అన్నంత పనీ చేశాడు. కరెంటు లేదు కాబట్టి చేత్తో తిప్పే రాట్నం బయటికి తీశారు. మగ్గంలోకి దారం చుట్టిపెట్టే కండెలు ఆ రాట్నం మీద చుడతారు. రజని రాట్నం తిప్పుతుంటే, లక్ష్మీరాజం పక్కన కూర్చుని చుట్టిన కండెలు గంపలో పేర్చేవాడు. అడగడు. తల నిమరడు. వెంట తిరగడం కూడా మానేశాడు. ఆమె లేచి వెళితే, తిరిగొచ్చేదాకా అక్కడే కూర్చునేవాడు. ఆ పెద్ద మనిషి పెదవులు బిగబట్టుకుని కూర్చోవడం చూస్తే నవ్వొచ్చేది. కొంచెం సేపు చూస్తే నవ్వొచ్చేది కాదు.

అట్లా కొన్నాళ్లు గడిచాక, ఒక పగటిపూట రజని తనకు తానే మొదలుపెట్టింది. నేను వినాలని కూర్చోలేదు. గోడ ఒక్క ఇటుక మందమని మొదటే చెప్పాను. గొంతు జరిగినదాన్ని బట్టి తండ్రి కుడిపక్కకు జరిగిందనుకున్నాను, రాట్నం చప్పుడు ఆగలేదు.

"బాపూ, హాస్టల్ల మొదటి దినం బువ్వ తినేకాడ, 'జర చారు పోయిండ్రి' అన్న. గంతే అన్న. అందరు లేచి నిలవడ్డరు. వార్డెన్ మేడం ఉరికొచ్చి, ఎవరు కొట్లాడుతుండ్రు అన్నది."

లక్ష్మీరాజం ఊ కొట్టలేదు. కొడితే ఎక్కడ ఆగిపోతుందోనని కాబోలు.

"అప్పటిసంది నా పేరు సాంచా. నేనత్తుంటె ఠకఠక అని బల్లలు కొడుతరు. మెల్లగ మాట్లాడుదామని మస్తు జూసిన బాపూ. మెల్లగ అందామనంగనే మాటే వస్తలేదు. గందుకే బందు వెట్టిన."

తర్వాత లక్ష్మీరాజం అడిగాడు. ఆ అడగడం తన మామూలు గొంతులోనే అడిగాడు, పాపం, ఇంకోటి లేదు కదా.

"నేను నిన్ను తోల్కపోను అచ్చిననాడు నా గొంతుకు గూడ నవ్విండ్రా?"

"నవ్విండ్రు."

"నీకు నామోషనిపించిందా?"

రాట్నం ఆగింది.

"చెప్పు బిడ్డా. నేనేమనుకోను."

"జరంత," అంది రజని. ఆ మాట అన్నాక ఏడుపు తన్నుకొచ్చింది. మెల్లగా ఏడవడం కూడా ఆ పిల్లకు రాదు.

కన్నబిడ్డ నోట ఆ మాట విన్న మనిషి ఏమంటాడోనని చెవి గోడకు ఆనించాను. ఇది మాత్రం వినాలనే చేశాను.

"జరంతనే గదా!" అన్నాడు లక్ష్మీరాజం. "మా బాపు కల్లు వాసనతోని బడికస్తె, నేను గోడ దుంకి చెరువు కట్టదాక ఉరికిన. నువ్వు నయం. బండెక్కి నా ఎనుక కూసున్నవ్!"

ఏడుపు నడుమ పిల్ల నవ్వింది. నా కథలకు రాని నవ్వు అది. నాకు కొంచెం కుళ్లు కూడా కలిగింది.

"ఇగ నేను హాస్టల్‌కు వోను బాపూ."

"వోకుంటె మానె. ఈడనే ఉండు. లేకుంటె పోయి జూడు, నచ్చకుంటె మల్ల రా. ఎప్పుడచ్చినా ఎందుకచ్చినవని అడగను. నాకు ఒక్కటే గావాలె. కడుపుల ఏమున్నా గీ కుడి చెవుల చెప్పు."

కాసేపటికి అతను బయటికి వచ్చాడు. నన్ను చూసి నోరు తెరవబోయి, సందంతా వింటుందని గుర్తొచ్చి మూసుకున్నాడు. సాంచాల దగ్గర దూరంగా ఉన్నవాళ్లకు చేతితో చెప్పే సైగ ఒకటి ఉంది. రెండు వేళ్లు చాపి పక్కకు లాగితే, దారం తెగలేదని అర్థం. ఆ సైగ చేశాడు. కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి.

దసరా పోయింది, బస్సులు మొదలయ్యాయి. కాలేజీ తెరిచారని తెలియగానే రజని తనే బ్యాగు సర్దుకుంది. తల్లి అడిగితే, "పోయి జూస్త," అంది. మా దగ్గర్నుంచి జగిత్యాలకు నేరుగా బస్సులు ఇంకా సరిగ్గా నడవడం లేదు, కోరుట్లలో మారాలి. నేను కళ్లు చూపించుకోవడానికి జగిత్యాల పోయేది ఉంది. లక్ష్మీరాజం కోరుట్ల దాకా వస్తానన్నాడు.

"హాస్టల్ దాక రాను బిడ్డా! కోరుట్లల నోరు తెరువను!"

"గట్లేం లేదు బాపూ," అంది రజని నేలను చూస్తూ.

కోరుట్ల బస్టాండులో జగిత్యాల బస్సు ఎక్కామో లేదో, మల్లాపూర్ దిక్కు నుంచి వచ్చిన నలుగురు పిల్లలు ఎక్కి మా ముందు సీట్లలో కూర్చున్నారు. హాస్టల్ పిల్లలు. రజనిని చూసి ఒకమ్మాయి ముందు సీటు కమ్మీ మీద వేళ్లతో ఠకఠకమని కొట్టింది. మిగతావాళ్లు కిసుక్కుమన్నారు. రజని కిటికీ వైపు తిరిగింది.

లక్ష్మీరాజం అదంతా చూశాడు. బ్యాగు పైన పెట్టి, బిడ్డ తల మీద చెయ్యి వేసి, ఒక్క మాట మాట్లాడకుండా దిగిపోయాడు.

ఇప్పుడు అతను సిరిసిల్ల బస్సు ఎక్కాలి. ఉద్యమం రోజులు కదా, బస్సుల ముందు ఊరిపేర్ల మీద జై తెలంగాణ కాగితాలు అంటించి ఉన్నాయి. ఏది ఎటు పోతుందో ఎవరినైనా అడగాలి. అడిగితే బస్టాండంతా తిరిగి చూస్తుంది, ఆ పిల్లలూ చూస్తారు. అతను అటూ ఇటూ నడిచాడు, మా కిటికీ వైపు ఒకసారి చూశాడు, నోరు బిగించి ఒక బస్సు ఎక్కేశాడు. ఆ బస్సు కండక్టరు మెట్‌పల్లి మెట్‌పల్లి అని గొంతు చించుకుంటున్నాడు. ఆ అరుపు గాని, చెట్టు కింది బస్సు దగ్గర సిరిసిల్ల అంటున్న కేక గాని లక్ష్మీరాజం చెవులకు అందలేదు.

"అల్లుడా!" అన్నాను నేను. నా మీసాలు ఊగాయి, గంతే.

రజని కూడా చూసింది. ముందు సీటు పిల్లల తలల వైపు చూసింది. మళ్లీ ఆ బస్సు వైపు చూసింది. బస్సు కదిలింది. ఆమె కిటికీ కమ్మీ పట్టుకుని లేచి నిలబడింది.

"బాపూ! దిగు! అది మెట్‌పల్లి బస్సు!"

బస్టాండు గడియారం ఆగిపోయిందని చెబితే మీరు నమ్మరు, కాబట్టి చెప్పను. మెట్‌పల్లి బస్సు ఆగింది. దానితో ఏ సంబంధమూ లేని ఇంకో రెండు బస్సులు కూడా ఆగాయి. లక్ష్మీరాజం దిగి, ఎవరు పిలిచారో తెలుసు గాని నమ్మలేనట్టు మా వైపు చూస్తూ నిలబడ్డాడు.

"గా పక్కది గాదు! చెట్టు కిందిది! గదెక్కు బాపూ!"

వెనక సీటులోంచి ఒక ముసలమ్మ రజని భుజం తట్టింది. "బిడ్డా, గా మెట్‌పల్లి బస్సుల మా ముసలోడు గూడ ఎక్కిండు. రాజలింగం అని జర పిలువు బిడ్డా."

"ఓ రాజలింగం తాతా! దిగు! అవ్వ ఈడున్నది!"

ఒక ముసలాయన సంచి పట్టుకుని బిక్కముఖంతో దిగాడు. ముందు సీటు పిల్లలు పగలబడి నవ్వారు. రజని వాళ్ల వైపు చూసింది. ఆ ముసలాయన నడక చూసి తనకూ నవ్వు ఆగలేదు.

కమ్మీ మీద కొట్టిన అమ్మాయి వెనక్కి తిరిగి, నవ్వు ఆపుకుంటూ అడిగింది. "సాంచా, మీ బాపుకు చెవులు వినవడయా?"

"సాంచాల కాడ పనిజేసి జేసి పోయినయి," అంది రజని. గొంతు తగ్గించలేదు. "గట్టిగ అంటె వినవడుతది. ఇగో, నా పేరు రజని."

డ్రైవరుతో సహా బస్సులో అందరికీ తెలిసింది.