కర్పూరం పరీక్ష

"ఈసారి ఫోనుతో పాటు ఆ తిరిగే స్టాండు కూడా కొనేద్దాంలే. నీకు గంటలకొద్దీ నించునే పని తప్పుతుంది. ఆ టైములో చక్కగా పులిహోర కలిపేసుకోవచ్చు," అన్నారు మా ఆయన, ఇడ్లీని కారప్పొడిలో అద్దుకుంటూ. వరమిచ్చినట్టే అన్నారు. నేను చట్నీ గిన్నె పట్టుకుని అలాగే నించుండిపోయాను. సంతోషించాల్సిన మాటే కదా! మరి నా చేతిలోంచి ఎవరో ఏదో లాగేసుకున్నట్టు ఎందుకనిపించిందో అప్పటికప్పుడు నాకే తెలీలేదు. "ఏమోయ్, చట్నీ," అన్నారు. వేశాను.

మా ఆయన రఘురామ్‌శర్మగారు ఏలూరులో పేరున్న పురోహితులు. కరోనా రోజుల్లో ఎవరి గడప వాళ్లు దాటలేనప్పుడు మొదలైన ఫోను పూజలు, కరోనా పోయినా పోలేదు. హైదరాబాదులో ఉన్నవాళ్లు, బెంగుళూరులో ఉన్నవాళ్లు అక్కడ పీటల మీద కూచుని ఆచమనం చేస్తుంటే, ఈయన ఇక్కడ మా ముందు గదిలోనో, వాళ్ల సొంతూళ్లో చేలగట్టు మీదో కూచుని పూజ చేయిస్తారు. ఫోను పట్టుకునేది నేను. ఊరికే పట్టుకోవడమనే అందరూ అనుకుంటారు. సంకల్పం చెప్పేటప్పుడు ఈయన మొహం, చేతులు రెండూ కనపడాలి. కలశపూజ దగ్గర నడుం వంచి కిందికి రావాలి. గంట మోగేటప్పుడు అవతలివాళ్ల చెవులు చిల్లులు పడకుండా మైకు కన్నం మీద కొంగు వెయ్యాలి. ముక్కు దురద పెడితే ఓర్చుకోవాలి. ఇక హారతి ఉందే, అదీ అసలు కథ. ఫోనుకి వెలుగంటే పిచ్చి. మంట కనపడగానే దానికి తప్ప దేనికీ కళ్లప్పగించదు, వెనక అమ్మవారి మొహం బొగ్గు ముక్కయిపోతుంది. అప్పుడు తెర మీద అమ్మవారి మొహం ఉన్నచోట వేలితో నొక్కి పట్టుకోవాలి, వెలుగుని కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి, ఊపిరి బిగబట్టాలి. ఇదంతా నాకెవరూ నేర్పలేదు. నా భుజం నొప్పెడితే మా అత్తగారు "కాల్షియం తక్కువేమోనమ్మా" అంటారు. పూజ అయ్యాక అవతలివాళ్లు "గురువుగారూ, ఎదురుగా కూచుని చూసినట్టే ఉందండీ" అంటారు. ఈయన చేతులు జోడించి "అంతా అమ్మవారి దయండీ" అంటారు. అమ్మవారి దయే, కాదనను. చెయ్యి మాత్రం నాది.

అయినా ఆ పని నాకిష్టం. అది ఆ ఇడ్లీల పొద్దున, గిన్నెలు కడుగుతూ తేల్చుకున్నాను. వంటింట్లో నేనేం చూడాలో ముందే రాసిపెట్టి ఉంటుంది: పాలు పొంగుతున్నాయా, పప్పు అడుగంటుతోందా, ఎవరి కంచం ఖాళీ అయింది. ఫోను పట్టుకున్నప్పుడు మాత్రం ఎటు చూడాలో నాదే ఇష్టం, నేను చూసిందే పదిమందీ చూస్తారు. కలిదిండిలో ప్రసన్నకుమారిగారి చెరువు పూజ ఉంటుంది, రొయ్యపిల్లలు వదిలే ముందు చేయిస్తారు. ఆవిడ తుంటి ఎముక విరిగి విశాఖపట్నంలో కూతురింట్లో మంచం మీదున్నారు. పోయినసారి మంత్రాలు సాగుతుండగా, "అమ్మాయ్, కాస్త ఎడమవైపుకి తిప్పవూ? అటు మా పాతగట్టు ఉండాలి," అన్నారు. తిప్పాను. గట్టు చివర కొల్లేటి గూడబాతులు నాలుగు, బారెడు ముక్కులేసుకుని పెళ్లిపెద్దల్లా కూచున్నాయి. దగ్గరికి లాగి చూపించాను. "ఓసి మీ దుంప తెగ! ఇంకా అక్కడే ఉన్నారటే మీరు!" అని ఆవిడ నవ్వారు, ఆ నవ్వులోనే ఏడ్చారు. ఈయన మంత్రం ఆపి నా వైపు గుర్రుగా చూశారు. చూస్తే చూశారు. ఆ రోజంతా నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. ఇంకా నయం, స్టాండు కొని ఆ పనీ తీసేసి, దాని బదులు పులిహోర ఇస్తారట!

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. నాకు ఫోనులంటే మోజు. నగలంటే లేదు, చీరలంటే అంతంత మాత్రం. వట్లూరు కాలేజీలో బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ చదివినదాన్ని, పాత రేడియో విప్పి మళ్లీ బిగించినదాన్ని. పెళ్లయ్యాక మిక్సీ ఫ్యూజు పోయినప్పుడు తప్ప ఆ చదువు ఎవరికీ గుర్తు రాలేదు. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక కొత్త ఫోనుల వీడియోలు చూస్తాను. అరచేతిలో పట్టే పలకలో ఇంత బుర్ర ఎవరు పెట్టారమ్మా అని ముచ్చటపడిపోతాను. ఎక్కడో ఏ ఊళ్లోనో నాలాంటిదే ఒకామె భూతద్దం కింద ఆ సన్న తీగెలు అతుకుతూ ఉంటుందనుకుంటే, ఆమె వేళ్లు కళ్లకద్దుకోవాలనిపిస్తుంది.

శనివారం మా మరిది దత్తసాయి తాడేపల్లిగూడెం నుంచి దిగాడు. అక్కడ కాలేజీలో లెక్చరర్. ఇంట్లో ఏ యంత్రం కొనాలన్నా అన్నగారికి వాడి మాటే వేదం. ముగ్గురం ఆర్.ఆర్.పేటలో ఏలీయాగారి ఫోను షాపుకి వెళ్లాం. నన్ను రమ్మన్నది దార్లో తమలపాకులు కొనుక్కు రావాలని. పేర్లు నేను చెప్పను, ఆ కంపెనీలవాళ్లు నాకేం చుట్టాలు కారు. ఏలీయాగారు గాజుబల్ల మీద మూడు పెట్టారు: అమెరికా వాళ్ల నల్లది, కొరియా వాళ్ల నీలంది, చైనా వాళ్ల తెల్లది. దత్తసాయి కేశవనామాలు చదివినట్టు గడగడా మొదలెట్టాడు. దీని తెర ఇన్ని నిట్స్, దాని చిప్పు ఇన్ని నానోమీటర్లు, ఇంకోదాని బ్యాటరీ ఏడువేల ఎంఏహెచ్. మా ఆయన తలూపుతున్నారు. ఆయనకి అందులో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

"అమ్మగారూ, మీరు చూడరాండీ?" అన్నారు ఏలీయాగారు. మా ఆయన నవ్వేసి, "ఆవిడదేముందండీ, ఊరికే పట్టుకుని నించుంటుంది. చెయ్యి నొప్పెడుతోందంటోందనే ఈ స్టాండు కూడా చూద్దామని," అన్నారు.

ఊరికే. ఆ మాట ఇంట్లో అంటే ఉప్పులో కారంలో కలిసిపోయేది. బజార్లో, పరాయి మనిషి ముందు అనేసరికి నా చెవులు వేడెక్కాయి. కోపం వచ్చింది. బాగా వచ్చింది. ఏలీయాగారు మాత్రం నవ్వలేదు. "అదేంటండీ పంతులుగారూ, మా చర్చిలో ఆదివారం ఆరాధన లైవు పెడతామండీ. ఫోను పట్టేది మా ఆవిడ రూతమ్మే. ఓ ఆదివారం ఒంట్లో బాగోలేక తను రాకపోతే, ఆ వేళ చూసినవాళ్లంతా ఫోనులు చేసి రూతమ్మకేమైందని అడిగారండీ," అన్నారు. ఆ రూతమ్మని నేను చూడలేదు. ఆమెకీ కుడిభుజం నొప్పెడుతుందేమో అడగాలనిపించింది.

"ఏలీయాగారూ, ఫ్యాను ఆపించండి. ఇక్కడో కర్పూరం బిళ్ల వెలిగించుకోవచ్చాండీ?" అన్నాను.

"వసుంధరా!" అన్నారు మా ఆయన. పెళ్లిపీటల మీద పిలిచిన తర్వాత ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం అదేనేమో. "షాపులో ఏంటా పిచ్చిపని?"

"వెలిగించుకోండమ్మా. హారతి పట్టే ఫోనుని హారతితోనే కదా చూడాలి," అని ఏలీయాగారు తనే లేచి స్విచ్చు ఆపారు. నా సంచీలో కర్పూరం ఎప్పుడూ ఉంటుంది. అందులోదే టిఫిను డబ్బా తీసి, మూత బోర్లించి బిళ్ల పెట్టాను. "దత్తూ, నువ్వు అమ్మవారివి. ఆ బల్ల వెనక కూచో, కదలకు." కుంకుమ తీసి వాడి నుదుట బొట్టు పెట్టాను. వాడు చెయ్యెత్తి "వదినా, ఏం వరం కావాలో కోరుకో," అన్నాడు. "ముందు ఆ మీసం దాచుకో తల్లీ," అన్నాను. షాపులో ఉన్నవాళ్లంతా చుట్టూ మూగారు. మా ఆయన తమలపాకుల సంచీ పట్టుకుని గుమ్మం వైపుకి జరిగారు.

ఒక్కో ఫోనుకి ఒక్కో బిళ్ల వెలిగిస్తూ, మొదట నల్లది పట్టాను. కంటికి ఏ రంగు కనపడుతోందో తెర మీదా అదే రంగు, ఒక్క వీసం ఎక్కువ లేదు, తక్కువ లేదు. నిజం చెప్పే మనిషిలా ఉంది. కాకపోతే చేతికి బరువు, పదినిమిషాలు చాచి పట్టుకుంటే భుజం గుర్తొస్తుంది. నీలందాన్లో వాడి బొట్టు అసలు కన్నా ఎర్రగా కళకళ్లాడింది. దాన్ని నడిరోడ్డు మీదికి, మిట్టమధ్యాహ్నపు ఎండలోకి తీసుకెళ్లాను. అబ్బ! ఎండ నెత్తి మాడుస్తోంది, తెర మీద అక్షరం మాత్రం పలక మీద రాసినంత స్పష్టం. చెరువుగట్ల మీద తెర కనపడక గుడ్డిగా పట్టుకున్న రోజులన్నీ గుర్తొచ్చి, దాన్ని చేసినవాళ్ల కడుపు చల్లగా ఉండాలనుకున్నాను. ఆఖర్న తెల్లది. మంట మొదట్లో నీలం, పైన పసుపు, కొసన సన్నటి పొగ, అన్నీ విడివిడిగా పట్టింది. వెనక దత్తసాయి మొహంలో వెంట్రుక వెంట్రుకా పట్టింది. కానీ మొహాన్ని నున్నగా చేసి పెళ్లికొడుకుని చేసేసింది. అమ్మవారి పసుపు కూడా ఇలాగే తుడిచేస్తుంది కదా అని సెట్టింగుల్లోకి వెళ్లి ఆ సోకు కాస్తా తీసేశాను. దారికొచ్చింది. నీళ్లసీసా వంచి వేళ్లు తడుపుకుని ఆ తడిచేత్తో నొక్కాను, మాట విన్నది. "పెళ్లికి వెళ్తే వీడియో సాయంత్రం నుంచి తెల్లారేదాకా నడవాలండీ," అన్నాను. "ఇంట్లో రూతమ్మది ఇదేనండీ. ఓసారి చార్జింగు పెడితే ఇక ఆ రోజు దాని గొడవ ఉండదండీ," అన్నారు ఏలీయాగారు.

మూడింట్లో ఒక్కటి కూడా తీసిపారేసేది లేదు. ముగ్గురు కోడళ్లతో పోల్చి చెప్పేదాన్నే గానీ, మన ఇళ్లల్లో కోడళ్లని ఎలా పోలుస్తారో నాకు తెలుసు కాబట్టి ఆ పని చెయ్యను. నా పనికి తెల్లది కావాలి, అదే చెప్పాను. "యూట్యూబులో అందరూ చెప్పిందే చెప్తారు, కర్పూరం మాట ఒక్కడూ ఎత్తడు. వదినా, వాళ్లంతా నీ ముందు దిగదుడుపే," అని దత్తసాయి బొట్టు తుడుచుకోకుండానే చప్పట్లు కొట్టాడు. మా ఆయన దగ్గరికొచ్చి "నేనూ అదే అనుకుంటున్నాను," అన్నారు.

అప్పుడు స్టాండు వచ్చింది. అబద్ధమెందుకు, దాన్ని చూసి కూడా ముచ్చటేసింది. తెల్లదాన్ని దానికి తగిలించి దత్తసాయిని నడవమంటే, వాడు ఎటు వెళ్తే అటు మెడ తిప్పుతూ చూస్తోంది. చంటిపిల్ల తల్లిని చూసినట్టు చూస్తోంది. "చూశావా? ఇక మనిషే అక్కర్లేదు," అన్నారు మా ఆయన. నేను ఒప్పుకున్నాను, గొప్పగా తిరుగుతోంది. కానీ అది తిరిగేది మొహం చుట్టూనే. హారతి పళ్లెం మొహాన్ని దాటి పక్కకి వెళ్తే దానికి పట్టదు. మంచం మీది ముసలావిడ ఎడమవైపుకి తిప్పమంటే వినపడదు. గట్టు చివర ఏ పక్షి కూచుందో దానికెందుకు?

"ఏవండీ, స్టాండు వద్దండీ. ఫోను నేనే పట్టుకుంటాను," అన్నాను.

"అదేంటి! నీ చెయ్యి నొప్పి కోసమే కదా..."

"నొప్పెడితే నూనె రాసుకుంటాను. ఆ పని నాకు కావాలి."

నా గొంతు కొంచెం పెద్దదే అయ్యుంటుంది, ఏలీయాగారు బల్ల సర్దుకోవడం మొదలెట్టారు. మా ఆయన తన అసలు దిగులు ఎక్కడుందో అక్కడికే వచ్చారు. "మరి పులిహోర?"

"అరటిపళ్లు నైవేద్యం పెడదామండీ, అమ్మవారేమీ అలగదు. పులిహోరే కావాలంటే ముందుగా మీరు కలిపి పెట్టుకోండి. మంత్రాలు వచ్చిన చెయ్యి కదా, రుచి ఇంకా బాగుంటుంది."

దత్తసాయి ఫక్కున నవ్వాడు. మా ఆయన మొహం కందగడ్డ అయింది, తర్వాత మెల్లగా మామూలైంది. ఆయన చెడ్డవారు కారు. నేను ఎప్పుడూ ఏదీ కావాలని అడగలేదు, అడిగితే ఏం చెయ్యాలో ఆయనకి అలవాటు లేదు, అంతే. "సరే, నీ ఇష్టం," అన్నారు.

ఏలీయాగారు స్టాండు మీంచి ఫోను తీసి నా చేతికిచ్చారు. కొత్త సిమ్ము వేశారు, ఏవో అడిగితే నేనే నొక్కుతూ వచ్చాను. చివర్లో తాళం సంగతి వచ్చింది. "ఇది మనిషి మొహం చూస్తేనే తెరుచుకుంటుందండీ. పంతులుగారూ, ఓసారి మీ మొహం చూపించండి," అన్నారు. మా ఆయన ఉత్తరీయం సర్దుకుని, ఫోటోకి కూచున్నట్టు మెడ ముందుకి చాచారు. నేను చెయ్యి అటు తిప్పడమే ఆలస్యం. ఇన్నేళ్లూ తిప్పుతూనే ఉన్నాను కదా, చెయ్యి దానంతటదే సగం తిరిగింది కూడా. మళ్లీ వెనక్కి తెచ్చుకున్నాను. తెర మధ్య గుండ్రటి గీతలో నా మొహం కనపడింది. చెంప మీద కర్పూరం మసి, నుదుట చెమట. తల నెమ్మదిగా తిప్పమంది. కుడివైపుకి తిప్పాను, ఎడమవైపుకి తిప్పాను, పైకి చూశాను, కిందికి చూశాను. గీత చుట్టూ పచ్చరంగు నిండుకుంటూ వచ్చి ఒక్కటయింది.

"అయిపోయిందమ్మగారూ," అన్నారు ఏలీయాగారు.

మా ఆయన మెడ ఇంకా ముందుకి చాచే ఉంది. "అదేంటోయ్! మరి నాకు కావాల్సొస్తే ఎలా తెరవాలి?"

"నన్ను పిలవండి," అన్నాను.