రాళ్ళగుంపు హద్దుల ఫైలు

జూలూరుపాడు చుట్టుపక్కల నా పెన్‌డ్రైవ్ తగలని పాత కంప్యూటర్ లేదు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాటే. "ఇక దీని పని అయిపోయింది" అని జనం మూలన పడేసిన లాప్‌టాప్‌లో డబ్బు కట్టక్కర్లేని లైనక్స్ వేసి, దాని మీద లిబ్రెఆఫీస్ వేసి చేతిలో పెడతాను. అర్జీ రాసుకోవచ్చు, పట్టిక గీసుకోవచ్చు, అచ్చు తీసుకోవచ్చు. దొంగ కాపీ అనే బెరుకు లేదు. "ఊరికే వచ్చేది ఏం పనిచేస్తది సంగీతా?" అని అడిగేవాళ్ళకు నా దగ్గర ఒకటే జవాబు: "వాన ఊరికే వస్తది. పంట పండుతలేదా?" నాకు నోరెక్కువని మా లంబాడీ తండాలో పేరు. ఉండనీ.

రాళ్ళగుంపు జూలూరుపాడు దాటి, తారురోడ్డు వదిలి, అడవిలోకి ఏడు కిలోమీటర్లు. నలభై కోయ ఇళ్ళు. ఏదో ఆఫీసు వాళ్ళు తమకు అక్కర్లేని నాలుగు లాప్‌టాప్‌లను ఆ ఊరి మహిళా సంఘానికి ఇచ్చి, ఫొటో దిగి వెళ్ళిపోయారు. వాటిలో ఎవరో వేసిన దొంగ కాపీకి గడువు తీరింది. తెరిస్తే చాలు, కొనుక్కోమని మొరాయిస్తోందట. సంఘం నడిపే జంపక్క ఫోన్ చేస్తే మార్చి మొదటివారంలో స్కూటీ మీద వెళ్ళాను.

సంఘం రేకుల షెడ్డులో పదిహేను మంది ఆడవాళ్ళు కూర్చున్నారు. పొద్దున్నే ఇప్పపువ్వు ఏరి వచ్చారు, షెడ్డంతా అదే వాసన. కొత్త సిస్టమ్ వేసేటప్పుడు అది ఒక ప్రశ్న అడుగుతుంది, డిస్కులో ఉన్నదంతా తుడిచేయనా అని. నేనూ అదే అడిగాను.

"అక్కా, వీట్ల మీకు పనికొచ్చేటియి ఏమన్న ఉన్నయా? ఉంటే చెప్పున్రి, తీసి పక్కన పెడ్త."

ఎవరూ మాట్లాడలేదు. జంపక్క నేలకేసి చూసింది. మళ్ళీ అడిగాను. మళ్ళీ అంతే. మా తండాలో ఇష్టం లేనివాళ్ళు ఊరుకోరు, పది ఇళ్ళకు వినపడేలా చెబుతారు. ఊరుకున్నారంటే ఒప్పుకున్నట్టే. నేను "అవును" అని నొక్కాను. నాలుగింటికీ నొక్కాను. సాయంత్రానికి నాలుగూ చకచకా తెరుచుకుంటున్నాయి. జంపక్క తన పేరు తెలుగులో టైపు చేసి చూసుకుని నవ్వింది కూడా. నా అంతటిది లేదనుకుంటూ ఇంటికి వచ్చాను.

మర్నాడు వీరబాబు ఫోన్ చేశాడు. ఆ ఊరి అటవీ హక్కుల కమిటీకి రాతపని చూసేది అతనే. నేను వెళ్ళిన రోజు ఊరి పెద్ద సీతయ్యను కంటి ఆపరేషన్‌కు భద్రాచలం తీసుకుపోయాడు.

"మేడం, హద్దుల ఫైలు ఏది?"

"ఏ ఫైలు?" అన్నాను. అంటుండగానే నిన్న నాలుగుసార్లు నొక్కిన "అవును" గుర్తొచ్చింది.

ఊరి చుట్టూ ఉన్న అడవి మీద ఉమ్మడి హక్కు కోసం వాళ్ళు పెట్టుకున్న దరఖాస్తు అది. ఏ వాగు నుంచి ఏ గుట్ట దాకా తమ తాతలు వాడుకున్నారో పెద్దలు చెప్పిన వాంగ్మూలాలు, అరవై మూడు పేజీలు, రెండేళ్ళ పని. సీతయ్య మొత్తం చదివించుకుని సరే అన్నాకే అచ్చు తీద్దామని ఒక్క కాగితమూ తీయలేదు. ఇంకో చోట దాచనూ లేదు. విచారణ తొమ్మిది రోజుల్లో ఉంది. ఆ రోజు కాగితాలు లేకపోతే దరఖాస్తు కొట్టేస్తారు.

పరుగున వెళ్ళాను. పోయిన ఫైళ్ళు వెతికే పనిముట్లన్నీ వాడాను. రెండు ఫొటోలు, సగం పాట దొరికాయి. కోపం ఆగక జంపక్క మీద అరిచాను.

"రెండుసార్లు అడిగినగద అక్కా! ఒక్కరన్న నోరిప్పొద్దా?"

ఆమె గొంతు పెంచలేదు. "ఊరందరి సంగతి పెద్దాయన లేకుండ మేమెట్ల చెప్తం? ఉన్నయన్నా చెప్పినట్టే, లేవన్నా చెప్పినట్టే. అందుకే ఊకున్నం. ఆయన వచ్చేదాక నువ్వు పాతయి తుడువకుండ ఆగుతవనుకున్నం."

పదేళ్ళుగా ఈ ఊళ్ళన్నీ తిరుగుతున్నాను. పుట్టింది కూడా ఈ అడవి పక్కనే. ఆ మాత్రం తెలుసుకోలేకపోయాను. తప్పు నాది, అరుపు కూడా నాదే. అందరి ముందే క్షమించమని అడిగాను.

సీతయ్య కంటికి కట్టుతో మంచం మీద కూర్చుని అంతా విన్నాడు. "ఏడుస్తే పోయింది రాదు బిడ్డా. చెప్పినోళ్ళు ఉన్నరు, మల్ల చెప్తరు" అన్నాడు. వేళ్ళ మీద పేర్లు లెక్కపెట్టి, "దూలయ్య ఒక్కడే లేడు" అన్నాడు.

దూలయ్య పోయిన వానాకాలం చనిపోయాడు. తూర్పు హద్దు మొత్తం ఆయన చెప్పిందే. అటవీశాఖతో తగాదా ఉన్నదీ ఆ తూర్పు హద్దు మీదే.

ఏడవడం నాకు చేతకాదు, పని చేతనవును. నేను చెప్పే కంప్యూటర్ క్లాసులు బంద్ పెట్టి బట్టలు సర్దుకుని జంపక్క ఇంట్లో దిగాను. పెద్దలు ఒక్కొక్కరే వచ్చి చెబుతుంటే ఒక లాప్‌టాప్‌లో వీరబాబు, ఇంకోదాంట్లో నేను కొట్టాం. మూడో రోజుకు జంపక్క మూడోది తీసుకుంది. రెండు గడుల పట్టిక గీశాను. ఒక గడిలో వాళ్ళ మాట వాళ్ళ కోయలోనే, తెలుగు అక్షరాలతో. పక్క గడిలో దాని తెలుగు. సాయంత్రం కాగానే అంతా మూడు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించి మూడు ఇళ్ళలో పెట్టించాను. ఆరో రోజుకు తూర్పు తప్ప మూడు వైపులా పూర్తయింది.

ఆ రోజు దూలయ్య భార్య ఎర్రమ్మ దగ్గరకు వెళ్ళాం. డెబ్బై దాటిన మనిషి. వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోస్తోంది.

"అవ్వా, తాత అప్పుడు హద్దు గురించి ఏం చెప్పిండో నీకేమన్న యాదికుందా?"

"నాకేం తెల్సు? ఆయన్ని అడిగిన్రు. నన్నడిగిన్రా?"

వీరబాబు తల దించుకున్నాడు. అరవై మూడు పేజీల్లో ఒక్క ఆడమనిషి మాట కూడా లేదని అప్పుడు చెప్పాడు. ఆ పేజీలు నేను తుడిచేసినందుకు బాధ తగ్గలేదు కానీ, ఆ మాటకు ఒళ్ళు మండింది.

"ఇప్పుడు అడుగుతున్నం అవ్వా" అన్నాను.

"కూసుంటే చెప్పరాదు. నడువున్రి" అంది.

నడిచాం. రెండు రోజులు నడిచాం. ఎండాకాలం వాగు ఎండితే ఏ మలుపులో చెలమ తవ్వాలో, ఏ బండ కింద తేనెపట్టు ఉంటుందో, ఏ చరియలో దుంపలు దొరుకుతాయో ఆమె ముందు నడుస్తూ చెబుతుంటే, జంపక్క లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఎక్కడికక్కడే కూర్చుని కొట్టింది. దూలయ్య తూర్పున పదకొండు గుర్తులు చెప్పాడని వీరబాబుకు జ్ఞాపకం. ఎర్రమ్మ ఇరవై ఎనిమిది చూపించింది. మిగతా ఆడవాళ్ళు చూస్తూ ఊరుకుంటారా? తలా నాలుగు కలిపారు. సీతయ్య చదివించుకుని, "గిదే అచ్చు తియ్యున్రి" అన్నాడు.

విచారణ రోజు తొంభై ఒక్క పేజీలతో వెళ్ళాం. ఫైలు ఆఫీసు కంప్యూటర్‌లో తెరుచుకోదేమోనని అక్కడి గుమాస్తా పెదవి విరిచాడు. తెరుచుకుంది. ఎందుకు తెరుచుకోదు? అన్ని ఫార్మాట్లలోనూ దాచి తెచ్చాను. ఏ సాఫ్ట్‌వేర్ అని అడిగితే పేరు కాగితం మీద రాసిచ్చి, కావాలంటే మీక్కూడా వేసిస్తానన్నాను.

అధికారి నిర్మలాదేవి పేజీలు తిప్పుతూ ఆగింది. "అన్నీ ఈ వారం తేదీలే. రెండేళ్ళ నుంచి రాస్తున్నామన్నారు కదా?"

షెడ్డులో జరిగినదంతా దాచకుండా చెప్పాను. "పాతది నేనే తుడిచేశాను మేడం. అందులో వీళ్ళ తప్పేం లేదు." నలభై ఇళ్ళ అడవి నా ఒక్క నొక్కుడుకు పోతుందేమోనని ఆ నిమిషం నిజంగా భయపడ్డాను.

ఆమె నన్ను వదిలి ఎర్రమ్మ వైపు చూసింది. "అమ్మా, తూర్పు హద్దు అంతా మీరే చెప్పారు. మీ ఆయన చెప్పగా విన్నారా?"

జంపక్క కోయలో అడిగింది. ఎర్రమ్మ తెలుగులోనే జవాబిచ్చింది.

"ఆయన హద్దు చూపిచ్చెతందుకు ఒక్కసారి నడిచిండు. నేను కట్టెలకు, నీళ్ళకు, దుంపలకు యాభై ఏండ్ల సంది నడుస్తున్న. ఇనుడేంది?"

నిర్మలాదేవి పెన్ను తీసి, తూర్పు హద్దు స్వయంగా చూడాలని, ముందు ఎర్రమ్మ నడవాలని రాసింది. వచ్చే మంగళవారం పదకొండు గంటలకు వస్తామంది.

"పదకొండా?" అంది ఎర్రమ్మ. "ఆరింటికే రాన్రి. ఎండెక్కితే మీరు నడవలేరు."

నిర్మలాదేవి పదకొండు కొట్టేసి ఆరు వేసింది.