పొరల రాయి

ఆ ఏడు, అంటే 1961లో, రంగనాయకులు చేతిలో ఉన్నవి ఒక బండి, జత ఎడ్లు, మైపాడు పాళెంలో ఏడు పడవల వాడుక. అక్కడి ఒడ్డున ఎంత తవ్వినా ఇసకే. పడవకు లంగరు రాయి కావాలంటే పడమటి నుంచి రావలసిందే. పొదలకూరు వైపు నుంచి రాళ్లు తెచ్చి, ఎండుచేపలు తీసుకుపోవడం అతని వ్యాపారం.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం గాలి లేచి, లంగరేసి ఉన్న ముత్యాలయ్య పడవ కొట్టుకుపోయింది. పడవ దొరికింది గాని వల దొరకలేదు. లంగరు తాడుకు మిగిలింది అరచేయంత రాతిపెచ్చు.

"ఇది రాయా, అప్పడమా?" అని ముత్యాలయ్య దాన్ని రంగనాయకులు కాళ్ల ముందు పడేశాడు.

పాళెం పెద్దలు గడువు పెట్టారు. "శుక్రవారంలోగా తప్పెవరిదో తేల్చు. లేకుంటే నీ బండి ఈ ఇసకలోకి దిగేది లేదు."

రంగనాయకులు అనుమానం తిన్నగా రాళ్లు కొట్టే హెబ్రోను మీదికి పోయింది. ఎనిమిదేళ్లుగా కాణీ కూడా వదలని మనిషి, పోయినసారి బేరమాడకుండా రాళ్లిచ్చాడు. బేరమాడనివాడు చెత్త వదిలించుకుంటున్నాడని లెక్క.

క్వారీ చేరి, ఏమీ అడక్కుండా రాళ్ల గుట్టలు తేరిపార చూస్తూ కూర్చున్నాడు.

"ఏందన్నా, దొంగను పట్టేవాడి మాదిరి కూసున్నావు?" అన్నాడు హెబ్రోను.

రంగనాయకులు పెచ్చు చూపించాడు. హెబ్రోను ఉలి ఆనించి ఒక్క దెబ్బ వేస్తే అది రెండు రేకులుగా విడిపోయింది.

"ఇది మొదట బురదన్నా. నీళ్లడుగున పొర మీద పొర పేరుకునింది. పైబరువుకి నొక్కుకోని, భూమిలోపల కాగి రాయయింది. కాగినా పొర పొరే. నువ్వు ఎప్పుడూ తీసకపోయే ఆ నల్లరాయి అట్టా కాదు. లోపల కరిగి, పాకం మాదిరి మెల్లంగా ఆరింది. పాకానికి పొరలుంటాయా?"

"నీకెవరు చెప్పినారు?"

"మైకా గనిలో ఉండంగా ఒక ఆఫీసరు చెప్పినాడు."

"అంటే తెలిసే అంటగట్టినావు!"

"నేనా? గుండ్రాళ్లు దొర్లతాయి, పలకలైతే బండికి నాలుగు ఎక్కువ పడతాయని ఏరుకునిందెవరు? గడపలకేమో అనుకున్నా. అడ్డంగా పడుండేవి, పోతే చాలని బేరం కూడా ఆడలా."

రంగనాయకులు లేచి ఎడ్లను బండికి కట్టాడు.

తిరిగి వస్తూ దారంతా ఆలోచించాడు. తప్పు హెబ్రోను మీదికి నెట్టేయవచ్చు, ఎవరూ అంతదూరం పోయి అడగరు. కానీ అతన్ని దొంగను చేస్తే, రేపు మంచిరాయి ఎవరిస్తారు?

"నేనే ఏరుకున్నా," అన్నాడు పెద్దల ముందు. "బండికి నాలుగు ఎక్కువ పడతాయని."

ముత్యాలయ్య తల అడ్డంగా ఊపాడు. "ఈయన నిజం చెప్పినాడంటే ఇంకేదో దాచుంటాడు."

కొత్త వల ఇవ్వాలని, పలకలన్నీ వెనక్కి తీసుకుని నల్లరాళ్లు ఇవ్వాలని తీర్పయింది.

అంతా అయ్యాక చూసుకుంటే, పోయింది ఒక వల, రెండు విడతల బండి తిరుగుడు. పలకలు ఇందుకూరుపేటలో ఒక రైతు గొడ్లచావిట్లో పరుచుకోను కొన్నాడు. మిగిలింది ఏడు పడవల వాడుక, ప్రతి రాయినీ సుత్తితో కొట్టి, చెవి ఆనించి విని, రంగనాయకులు మొహం ఒకసారి చూసి గాని తీసుకోని ముత్యాలయ్య.