ఊరిపెద్ద భయం పడిన ఇల్లు

పొద్దున్నే జిగురు బియ్యం ఆవిరికి పెట్టి, అది ఉడికేలోగా సంతకు వెళ్లి రావడం తుంగ్‌లావ్ ఊరి ఆడవాళ్ల అలవాటు. ఫోంకేవ్‌కు ఆ వ్యవధి చాలేది కాదు. అందరూ నడివీధిన వెళ్తే ఆమె వెదురుపొదల వెనకగా కాలువ దాటి, పందుల దొడ్డి పక్కనుంచి పొలం గట్లెక్కి సంత చేరేది. ఇంటికొచ్చేసరికి బియ్యం మెత్తబడి ముద్దయ్యేది. నడివీధిలో ఊరిపెద్ద ఇన్‌సోమ్ ఇల్లుంది. ఆ ఇంట్లో ఆయన భార్య బువాలై ఉంటుంది. బువాలై గొంతు చెవిన పడితే చాలు, ఫోంకేవ్ అరచేతులు చెమర్చేవి. చేయని తప్పులకు సైతం సంజాయిషీలు నాలుక మీద వరుస కట్టేవి.

ఆ భయం ఆమె సొంతం కాదు. కిందటేడు యీపెంగ్ పున్నమికి ఆమె ఇంటికప్పు మీద పడింది.

ఆ పండగనాడు ఊరంతా పొలంలోకి చేరి, కాగితపు దీపం నోటి దగ్గర పెదవులు పెట్టి, తమను పీడిస్తున్నదేదో అందులోకి చెప్పి ఆకాశంలోకి వదులుతారు. దీపం ఎవరి ఇంటిమీద దిగితే ఆ పీడ వాళ్లది. ఈ సంగతి అందరికీ తెలుసు. గాలి తూర్పుకు వీస్తుందనీ, తూర్పున ఏటి మలుపు దగ్గర ఉన్నది ఫోంకేవ్ ఇల్లొక్కటేననీ కూడా తెలుసు.

ఒక ఏడు బడిపంతులు ఎక్కిళ్లు ఆమెకొచ్చి పదకొండు వారాలున్నాయి. మరో ఏడు మంగలి దుఃఖం వచ్చింది. రేడియోలో ఏ పాట వచ్చినా, చివరికి సబ్బుల ప్రకటన వచ్చినా, ఆమె కళ్లు తుడుచుకునేది. ఆ పై ఏడు దిగిన దీపంలో మాత్రం ఏ పీడా లేదు, ఆరని నిప్పు ఉంది. ఆకుల కప్పు ఆసాంతం కాలిపోయింది. అదే వారం ఏటి అవతలి మోతుబరి గేదె గడ్డిలో కలిసిన మరో దీపపు తీగను మేసి చచ్చిపోయింది.

కిందటేడు పున్నమి మర్నాడు ఆమె కప్పు మీంచి దీపపు తీగచట్రాన్ని తీసి వెదురు గోడకు తగిలించి సంతకెళ్లింది. అక్కడ బువాలై వంకాయలు ఏరుతూ కనబడగానే చేపలబుట్ట వెనక నక్కింది. నలభై ఏడేళ్ల మనిషి. చేపలమ్మి ఆమెను చూసి, మీద నీళ్లు పడతాయి జరగమంది తప్ప మరేమీ అడగలేదు. ఆ పొద్దునే ఇన్‌సోమ్ తన అరుగు మీద కాళ్లు చాపుకుని, పట్టపగలు, భార్య ఎదుటే సారా తాగాడని సంతలో చెప్పుకున్నారు. ఆ భయం ఎవరిదో ఫోంకేవ్‌కు వేరే ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

వదిలినవాడు తన రెండు చేతులతో చట్రాన్ని వెనక్కి తీసుకుంటే పీడ కూడా వెనక్కి వెళ్తుంది. ఆమె ఒకసారి మంగలి కొట్లో ఇన్‌సోమ్‌ను పట్టుకుంది. ఆయన చేతులు రెండూ దుప్పటి కింద దాచుకుని, గాలికి వదిలాక అది గాలిదేనని సెలవిచ్చాడు. ఇంటికి పట్టుకెళ్దామంటే, ఇంట్లో బువాలై ఉంది.

భయం పోయిన ఇన్‌సోమ్ పందెంకోళ్లు కొన్నాడు. మీసం పెంచాడు. చివరికి ఈ ఏడు పండక్కి పట్నం కంపెనీ ఒకటి వెయ్యిమంది యాత్రికులను తెచ్చి, కోతలైన పొలంలో వెయ్యి దీపాలు వదిలిస్తామంటే సరేనన్నాడు. శనివారం గుడి సావడిలో సంతకం పెడతానన్నాడు.

ఇల్లు కాలాక వచ్చిన వానాకాలమంతా కూర్చుని ఫోంకేవ్ మూడు వందల ఆకు తడకలు కుట్టి కొత్త కప్పు వేసుకుంది. ఒక్క దీపానికే పాత కప్పు పోయింది. వెయ్యింటికి ఏం మిగులుతుందో ఆమెకు లెక్క వేయాలనిపించలేదు. శనివారం వద్దని చెప్పి తీరాలి.

చట్రాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని సావడికి వెళ్లింది. ముందు వరసలో బువాలై కూర్చుని ఉంది. ఫోంకేవ్ మెట్లెక్కి, నమస్కరించి, నేరుగా స్తంభం వెనక్కి వెళ్లిపోయింది. కంపెనీ మనిషి మాట్లాడాడు. ఇన్‌సోమ్ కలం మూత తీశాడు. ఆమె సంచిని గుండెకు హత్తుకుని స్తంభం వెనకే ఉండిపోయింది.

"ఆ స్తంభం వెనక ఎవరు?" అంది బువాలై.

"నేనే అక్కా."

"ఏడాదిగా చూస్తున్నా, నా నీడ పడినా తప్పుకుపోతున్నావు. నేనేం కొరికానే నిన్ను?"

ఇంకెవరి భయమైనా అయితే ఆ క్షణాన ఏదో అబద్ధం అల్లేది. ఇది ముప్పై ఏళ్లు ఇన్‌సోమ్‌లో కాపురమున్న భయం. బువాలై అడిగితే నిజం తప్ప మరొకటి దానికి చేతకాదు.

"మీరేం చేయలేదక్కా. మీ ఆయన భయం నా దగ్గరుంది. పోయిన పున్నమికి నా కప్పు మీద పడింది. మోయలేకపోతున్నా."

బువాలై భర్త వైపు చూసింది. ఆయన కలం వైపు చూశాడు.

"నేనింకా నీకు ధైర్యం వచ్చిందనుకున్నానయ్యా," అంది ఆమె నెమ్మదిగా. "మొక్కు కూడా తీర్చాను."

చేతులు చాపమని ఆమె అనలేదు. అన్నా ఆయన వినేవాడు కాదు, అప్పుడాయనకు ఎవరన్నా భయం లేదు. కానీ ఫోంకేవ్ సంచిలోంచి చట్రం తీసి పట్టుకుంటే, ఆమె చేతుల్లో ఆ తీగ గలగలలాడుతోంది. తన వణుకును ఇంకొకరి చేతుల్లో చూడటం ఇన్‌సోమ్‌కు అదే మొదటిసారి. చాలాసేపు చూశాడు. కలం పక్కన పెట్టి, లేచి వచ్చి, రెండు చేతులతో అందుకున్నాడు. ఆయన భుజాలు నాలుగు వేళ్లు కిందికి దిగాయి.

"సంతకం పెట్టమంటావా?" అని భార్యనడిగాడు.

బువాలై కంపెనీ మనిషి వైపు తిరిగింది. దీపాల కాగితం వానకు కరిగిపోతుందని అతను చెప్పాడు. తీగ సంగతి అడిగింది. కొన్నేళ్లు పడుతుందన్నాడు.

"మరి భయం?"

దాని గురించి అతని కరపత్రంలో ఏమీ లేదు. అతను కాగితాలు సర్దుకున్నాడు.

మర్నాడు ఫోంకేవ్ నడివీధిన సంతకు బయల్దేరింది. బువాలై మోటారుసైకిల్ అడ్డంగా ఆపి ఎక్కమంది. ఎక్కడికని అడిగితే ఏరు దాటాక చెప్పింది.

"ఆరేళ్ల కిందట నా ఆయాసాన్ని వదిలాను. ఆ ఏడు ఉత్తరపు గాలి. రాత్రంతా ఆలోచిస్తున్నా, ఎవరింటి మీద పడిందోనని."

రెండు ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి అడిగారు. మూడో ఊళ్లో, కొండ మొదట్లో, ఒక ముసలాయన మొక్కజొన్న గింజలు వలుస్తున్నాడు. కండె కండెకూ ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. వాళ్లు చెప్పిందంతా విని, చూరులోంచి తుప్పుపట్టిన చట్రం తీశాడు.

"ఎవరో ఒకరు వస్తారనుకున్నానమ్మా. ఇంత ఆలస్యం చేస్తారనుకోలేదు."

బువాలై మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ చాపింది.

ముసలాయన తర్వాతి కండెను ఆగకుండా వలిచాడు. ఆ పై కండెను కూడా. తన చేతుల వంక తానే వింతగా చూసుకున్నాడు.

తిరుగుదారిలో బువాలైకి బండి తన్నడానికి కూడా ఊపిరి చాల్లేదు. ఫోంకేవ్ ముందు కూర్చుంది. వాలులో బండి జోరందుకుంది. వెనకనుంచి మాటకూ మాటకూ మధ్య ఆయాసపడుతూ, నెమ్మదిగా పొమ్మని, గుంటలు చూసుకోమని, కళ్లు నెత్తికెక్కాయా అని బువాలై ఒకటే సాధింపు.

ఫోంకేవ్ వేగం తగ్గించలేదు.