హబ్బు పాయ

“అక్కా, హబ్బు పాయ. బావకు సెప్పు” అని చిత్తూరులో ధనశేఖర్ ఫోన్‌లో అరిస్తే, పక్కన పోయే లారీ హారన్ ఆ ‘హ’ను మింగేసింది. శ్రీకాళహస్తిలో అక్క మునిలక్ష్మి చెవిన “అబ్బ పాయ” అని పడింది. ఆ ఇంట్లో అబ్బ అంటే ముసలాయన ఆదిమూలం. మనవళ్లు పిలిచీ పిలిచీ కన్నకూతురికి కూడా ఆ పిలుపే అంటించారు. ధనశేఖర్ ఒక్కడే ఇంకా నాయన అంటాడు. అక్క కెవ్వుమంది, ఫోన్ తెగింది. హబ్బు పోయిందంటే ఇంత బాధపడే తోబుట్టువు ఎవరికుంటుందని తమ్ముడి కళ్లు చెమర్చాయి.

అతడి కష్టమూ చిన్నది కాదు. తెల్లవారితే వినాయక చవితి. కాణిపాకంలో టెంకాయలు అమ్ముకునే చోటు పోకుండా ఆదిమూలం గోనెపట్ట పరుచుకుని కూర్చున్నాడు, చేతిలో ఫోన్ కూడా లేదు. చీకటి పడేలోపు కాయలు చేరకపోతే ఆ చోటు ఇంకొకరిది. సై అంటే కిలోలు మోసేది కాబట్టే సైకిలన్నారని గొప్పలు పోయే ధనశేఖర్‌కు, టెంకాయల మూటలు కట్టగానే సైకిల్ వెనక చక్రం నడుమనున్న హబ్బు పగిలింది. ఇరుసు వంగి మనిషి ఇరుకున పడ్డాడు.

మెకానిక్ మునిప్రసాద్ రెండు కొత్త హబ్బులు బల్లమీద పెట్టాడు. ఒకటి ఉక్కుది. నలభై స్పోకు కమ్మీలు పడతాయి, లోపల విడి గోళీలు, గ్రీజు పెట్టకపోతే గీపెడతాయి. రెండోది తళతళలాడే అల్యూమినియంది. బేరింగు మూసి ఉంటుంది, నీళ్లు దూరవు. కానీ ముప్పైయారే కమ్మీలు, రిమ్ము కూడా మార్చాలి, చెడితే సామాను ఈ ఊళ్లో దొరకదు. ఏది గట్టిదంటే, బరువు నీది, దారి నీది, తేల్చుకోవాల్సిందీ నువ్వేనన్నాడు. ధనశేఖర్ ఒకటి తిప్పాడు, రెండోది తిప్పాడు. రెండూ బాగా తిరిగాయి. వాటితోపాటు తలా తిరిగింది. ఒకప్పుడు సైకిల్ షాపు నడిపిన బావ ఒక్క మాట చెబితే చాలని మళ్లీ మళ్లీ అక్కకు ఫోన్ చేశాడు. ఎప్పుడు చేసినా అక్క ఇంకెవరితోనో మాట్లాడుతూనే ఉంది.

అంతలో తడ ఊరి నుంచి పిన్నమ్మ దేవకమ్మ ఫోన్ చేసింది. గొంతు జీరపోయి ఉంది.

“ఎట్ల పాయరా శేఖరూ?”

హబ్బు సంగతి అక్క అప్పుడే చెప్పేసిందనుకున్నాడు. “బరువు మోసి మోసి పాయ పిన్నమ్మా. లోపలంతా అరిగిపోయుండె.”

“ఇప్పుడు యాడ పెట్టినారు?”

“పాత ఇనుము గోతంలో ఏసేసినా. కొత్తది సూస్తాండా.”

అవతల ఫోన్ కింద పడిన చప్పుడైంది.

కాసేపటికి పక్కింటి చంద్రకాంతమ్మ కొంగు నోట కుక్కుకుంటూ మునిప్రసాద్ అంగడికి వచ్చింది. మీ నాయన పోయినాడంట, తడ నుంచి కబురొచ్చిందని చెప్పింది. కాణిపాకం చావు తడకెట్లా తెలిసిందని అడిగే తెలివి కన్నీళ్లతోపాటే జారిపోయింది. ధనశేఖర్ కమ్మీలూడిన చక్రంలా కూలబడ్డాడు. లేచి ఆటో ఎక్కబోతే, అక్క బస్సులో ఉండాది, ఇంటి ఆడబిడ్డ రాకుండా కదలొద్దని చంద్రకాంతమ్మ చెయ్యి పట్టుకుంది. మైల ఇంటి చక్రం పండగ ముందర బిగించనని మునిప్రసాద్ షట్టరు సగం దించాడు. స్పోకులు బిగించాల్సిన చోట శోకాలు మొదలయ్యాయి.

పొద్దు వాలే వేళకు మునిలక్ష్మి పూలదండతో అంగడి ముందు దిగి తమ్ముణ్ని పట్టుకుని ఏడ్చింది. తమ్ముడూ ఏడ్చాడు. వీధి వీధంతా మూగింది.

“నాయన్ను ఆడ ఒంటిగా కూసోబెట్టి నేనే సంపుకుంటినక్కా. నీకెవురు సెప్పిరి?”

“నువ్వే గదరా పొద్దున ఫోన్ సేసి సెప్తివి, అబ్బ పాయ, బావకు సెప్పు అని. పిన్నమ్మకు నేనే సెప్తి.”

ధనశేఖర్ ఏడుపు ఆపేశాడు. షట్టరు కింద దూరి, గోతంలో వెతికి, పగిలిన ఇనుప ముక్కను అందరికీ కనబడేలా పైకెత్తాడు.

“పోయింది ఇదక్కా. దీన్ని హబ్బు అంటారు. ఏది ఎయ్యాల్నో బావను అడుగుదామని సేసినా. నాయన ఆడ టెంకాయల కోసరం కాసుకోనుండాడు.”

వెనక నిలబడ్డవాళ్లకు చంద్రకాంతమ్మ హబ్బు వేరు, అబ్బ వేరు అని విడమర్చింది. మునిప్రసాద్ షట్టరు ఎత్తి ఏది వెయ్యమంటావన్నాడు. చీకటి పడబోతోంది, ఉన్న రిమ్ముకు పట్టే నలభై కమ్మీలదే వెయ్యమని ధనశేఖర్ దండం పెట్టాడు. దండను ఏం చేయాలో తెలియని మునిలక్ష్మి, దాన్ని చంకలో ఇరికించుకుని తడకు ఫోన్ చేసింది: గోతంలో వేసింది మనిషిని కాదు పిన్నమ్మా, ఇనుమును.