వెంట్రుకవాసిలో రెండో స్థానం

"లానీ, నీకు బంగారు పిలక రెడీ చేయించాం. రేపు పదకొండింటికి ఆఫీసుకొచ్చెయ్!" అన్నాడు ఫోన్లో డెరిక్.

లానీకి వినపడింది అదే. ఆరేళ్లు డెరిక్ గిటారు స్పీకర్ల గోడ పక్కన నిలబడి బేస్ గిటారు వాయించిన పుణ్యానికి అతని ఎడమ చెవిలో ఈల తప్ప మరేదీ మోగదు. కుడి చెవి పక్కనే కార్లు కడిగే యంత్రం రొద పెడుతోంది.

పిలక! అంటే బంగారు రంగు విగ్గు. అంటే మళ్లీ స్టేజీ. లానీ చేతిలో స్పాంజి జారి బకెట్లో పడింది.

'శాటిన్ కోబ్రా' రాక్ బృందంలో జుట్టు ముందు, జట్టు తర్వాత. మనిషికి రోజుకో స్ప్రే డబ్బా. అలాంటి కొలువులో ఇరవై ఆరేళ్లకే లానీ నెత్తి మైదానమైపోయింది. విగ్గుతో నెట్టుకొచ్చాడు. 'నీ కిటికీ కింద' పాట రికార్డయింది. మొదట్లో జనం గుండె పట్టుకునే ఆ బేస్ వరస లానీ వేళ్లదే. తర్వాత వీడియో తీస్తూ, జుట్లు ఎగరాలని ఏనుగంత ఫ్యాను పెట్టారు. అందరి జుట్లూ ఎగిరాయి. లానీది ఎగిరి వెళ్లిపోయింది.

మర్నాడు అతని చోట నడుం దాకా జుట్టున్న షేన్ నిలబడ్డాడు. వీడియో గంటకోసారి టీవీలో వచ్చింది. పాట దేశంలో రెండో స్థానానికి ఎక్కింది. పాటకి మొదటి స్థానం వెంట్రుకవాసిలో తప్పింది. లానీకి ఉన్న స్థానమే వెంట్రుకల్లో పోయింది.

ఫోనొచ్చిన మర్నాడు పొద్దున్నే భార్య డీనా అతని కళ్లకి కాటుక దిద్దింది. "ఈసారి జిగురు నేను పూస్తా. తలైనా ఊడాలిగానీ విగ్గు ఊడకూడదు," అంది. నవ్వుతూనే ముక్కు తుడుచుకుంది. చిరుతపులి మచ్చల బిగుతు ప్యాంటు, నెత్తిన ఎర్ర రుమాలుతో లానీ రాక్ బృందాల అడ్డా అయిన సన్‌సెట్ వీధిలో బస్సు దిగాడు.

ఆఫీసులో అందరూ మామూలు జీన్సుల్లో ఉన్నారు. గోడకి అయిదు ఫ్రేములు, ఒక్కోదానిలో పాట లక్షల్లో అమ్ముడైనందుకు ఇచ్చిన బంగారు రికార్డు. అయిదోదాని మీద లానీ ప్రూయిట్ అని చెక్కి ఉంది.

"ఏంట్రా ఈ వేషం?" అన్నాడు డెరిక్.

ఫొటోగ్రాఫరు, "రికార్డు అట్ట మీద బొమ్మున్నవాళ్లే ఉండండి. మీరు కాస్త పక్కకి, సార్," అన్నాడు. లానీ పక్కకి జరిగాడు.

ఫొటో అయ్యాక మేనేజరు హార్లన్ భుజం మీద చెయ్యేశాడు. "గురూ, వచ్చేవారం నుంచి ఊరూరా కచేరీలు. నువ్వు కావాలి. స్పీకర్ల వెనక నల్ల తెర కడతాం. నువ్వు అక్కణ్ణుంచి వాయించు, షేన్ ముందు ఊగుతాడు. ఈ వీధిలో అందరూ చేసేదే."

షేన్ తల దించుకున్నాడు. "నెల్లాళ్లుగా కూర్చున్నానన్నా. ఆ మొదటి వరస నా చేతికి రావట్లేదు."

లానీ కాసేపు తన పేరున్న ఫ్రేము కేసి చూశాడు. అద్దంలో అతని రుమాలు తల చుట్టూ బంగారు వలయం మెరుస్తోంది. రుమాలు విప్పేశాడు.

"బేస్ ఇలా తే, తమ్ముడూ."

మధ్యాహ్నం దాకా షేన్ వేళ్లని తన వేళ్లతో పట్టుకుని నడిపించాడు. "మూడో తీగ దగ్గర తొందరపడకు. అక్కడ ఊపిరి తీసుకో. నేను తీసుకునేవాణ్ణి." పన్నెండోసారికి వరస పలికింది. అచ్చం రికార్డులోలాగే. డెరిక్ కళ్లు మూసుకుని విన్నాడు.

"ఇక తెరతో పనిలేదు," అన్నాడు లానీ. కాటుక చెంపల దాకా కారింది.

"మరి ఈ పులి ప్యాంటు దేనికిరా?" అన్నాడు డెరిక్ మెల్లగా.

"నువ్వే కదరా బంగారు పిలక ఇస్తానన్నావ్!"

"పలకరా! బంగారు పలక అన్నా!" గోడ మీది ఫ్రేము చూపించాడు డెరిక్.

గదంతా గొల్లుమంది. అందరికంటే ముందు లానీయే నవ్వి, ఒక్కొక్కరికీ తిరిగి చెప్పాడు. "పలక అన్నాడు. నాకు పిలక అని వినపడింది. మరేం లేదు, ఈ చెవి... వీడి స్పీకర్ల వైపుది."